వంటింటి వైపు మూడో దీపం

దయ్యాలు, గాలి సోకడాలు, శకునాలు నేను నమ్మను. నమ్మేవాళ్లను ఎగతాళి చేయను కానీ, వాళ్లు చెప్పింది విని ఊరుకోను కూడా. వెళ్లి చూస్తాను.

పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఒక కంపెనీలో ముప్ఫై నాలుగేళ్లు క్వాలిటీ చెకింగ్‌లో పనిచేశాను. ఒకసారి మా షెడ్డు వెనక పాత బాయిలర్ దగ్గర ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని చెప్పి వర్కర్లు అటు పోవడం మానేశారు. నేను పట్టపగలు నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. బోల్టు ఊడిన రేకు ఒకటి గాలికి పక్క రేకును రాసుకుంటోంది. ఒక బోల్టు, రెండు వాషర్లతో ఆ ఏడుపు ఆగిపోయింది.

అలాంటివాణ్ని ఇప్పుడు ఇది రాయవలసి వచ్చింది. మా ఇంట్లో అన్నం తినే బల్ల మీద మూడు లైట్లు వేలాడదీశాం. అందులో ఒకదాని సంగతి ఇది. ప్రతి రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి, జరిగినవి జరిగిన వరసలోనే చెప్పగలను.

ముందు మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెప్పాలి. నా భార్య అనసూయ. మా అబ్బాయి నరేశ్ జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో పగటి డ్యూటీ చేస్తాడు. కోడలు స్వాతి సంగారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మా అక్క రాజమ్మ నాకంటే ఏడేళ్లు పెద్దది. బావ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. మొత్తం ఐదుగురం.

అనసూయకు కొన్నేళ్లుగా షుగరు. అన్నానికి ముందు వేసుకునే మాత్ర ఒకటుంది. వేసుకున్న అరగంటలో తినాలి. ఆమె మాత్ర టైముకే వేసుకునేది. తరవాత గంటె పట్టుకుని మాకు వడ్డించేది. ఒకరికి పెరుగు, ఒకరికి తొక్కు, ఇంకొకరికి రెండోసారి పప్పు. మేం చేతులు కడుక్కున్నాక గిన్నెలు సర్ది, అప్పుడు వంటింట్లో పీట వేసుకుని తినేది.

ఒక సాయంత్రం అలా వడ్డిస్తూనే ఒళ్లంతా చెమటలు పట్టి, వంటగట్టు పట్టుకుని కింద కూలబడింది. స్వాతి పరుగెత్తి నోట్లో చక్కెర పోసింది. మర్నాడు సంగారెడ్డిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఆమెను ఏమీ అనలేదు. నా వైపు తిరిగాడు.

“మీరందరు తినేటప్పుడు అమ్మ ఏం చేస్తది?”

“వడ్డిస్తది సార్.”

“మరి ఎప్పుడు తింటది?”

వాల్వుకు ఎంత ప్రెషర్ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఇది తెలియలేదు.

ఇంకోసారి ఇలా పడితే, ఆ సమయానికి పక్కన ఎవరూ లేకపోతే ప్రమాదమని డాక్టరు చెప్పి పంపాడు. ఇంటికి వచ్చి మాతోపాటే కూర్చుని తినమని అనసూయకు చెప్పాను. “ఆ, కూసుంట” అన్నది. భోజనాల వేళ మళ్లీ గంటె పట్టుకుని నిలబడింది. అడిగితే, “మీరు తినుండ్రి, నేను తర్వాత తింట” అన్నది. మా అక్క అయితే నన్నే కోప్పడింది.

“వడ్డించెటిదాన్ని కూసోమంటవేంది తమ్మీ? గిన్నెలకు కాళ్లున్నయా, నడిసొస్తానికి?”

నేను ఆలోచించాను. ఏ పని సరిగా జరగకపోయినా ముందు మనిషిని కాదు, ఏర్పాటును తప్పుపట్టాలని కంపెనీలో మాకు నేర్పారు. పటాన్‌చెరులో మా కిరాయి ఇంట్లో వంటిల్లు వెనక, మేం తినేది ముందు గదిలో. ఆమె తిరగక ఏం చేస్తుంది? అదే సమయానికి ఇంద్రేశంలో మా కొత్త ఇల్లు పూర్తి కావస్తోంది. అందులో వంటగట్టుకు ఆనుకునే ఐదు కుర్చీల బల్ల వేయించాను. ఐదో కుర్చీ వంటింటి వైపు చివర. అందులో కూర్చుంటే వెనక్కి చేయి చాపితే గిన్నెలు అందుతాయి. టేపు పెట్టి చూశాను కూడా.

ఒక్కటే ఇబ్బంది. ఆ మూల మధ్యాహ్నం కూడా చీకటి. కొత్త లేఅవుట్లలో ఇళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే, మా కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగులుతుంది.

“ట్యూబ్‌లైట్ వేస్తే హాస్టల్ మెస్సులెక్క ఉంటది మామయ్యా. ఇగో, ఇసొంటివి పెడదాం” అని స్వాతి ఫోనులో చూపించింది. కప్పు నుంచి తీగలతో కిందికి వేలాడే లైట్లు. పెండెంట్ లైట్లు అంటారట.

నేను డైరీలో ఒక పేజీ దానికి కేటాయించి రెండు వారాలు వివరాలు రాసుకున్నాను. ఐదడుగుల బల్లకు పెద్ద లైటు ఒకటి పెడితే చివరలకు వెలుతురు చాలదు. చిన్నవి మూడు మేలు. గాజు బుట్టలు అందంగా ఉంటాయి కానీ వంటింటి పక్కన నూనె జిడ్డు పడుతుంది, వారానికోసారి తుడవాలి. రేకు బుట్టలైతే గుడ్డతో ఒక్కసారి రాస్తే చాలు. బుట్ట లోపల తెల్లరంగు ఉంటే వెలుతురు బల్ల మీదికి బాగా దిగుతుంది. బల్బు అంచు కిందికి కనిపిస్తే కళ్లల్లో పొడుస్తుంది.

పటాన్‌చెరులో లైట్ల దుకాణానికి అందరం వెళ్లాం. అనసూయ సంచిలో టిఫిను డబ్బా పట్టుకొచ్చింది. దారిలో ఆకలవుతుందేమోనని తెచ్చుకుందనుకుని సంతోషించాను. దుకాణంలో సేటు తెల్ల వెలుతురు బల్బు, పసుపు వెలుతురు బల్బు పక్కపక్కన వెలిగించి చూపిస్తుంటే, ఈమె డబ్బా మూత తీసి ఒకదాని కింద పెట్టింది. టమాటా పప్పు, గోకరకాయ కూర.

“చీర కొంగు పట్టి చూసెటోళ్లు వస్తరు, గోడరంగు ముక్క తెచ్చెటోళ్లు వస్తరు. కూర తెచ్చింది మీరొక్కలే అమ్మా” అని సేటు నవ్వాడు.

“రోజు సూడాల్సింది కూరనే గదా?” అన్నది అనసూయ. తెల్ల వెలుతురులో గోకరకాయ నిన్నటిదిలా కనిపించింది. పసుపు వెలుతురులో అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది. ఆ డబ్బాతోనే తేలిపోయింది. రాగి రంగు రేకు బుట్టలు మూడు, పసుపు వెలుతురు బల్బులు మూడు తీసుకున్నాం.

బిగించడానికి యాదగిరి వచ్చాడు. ఇంద్రేశంలో సగం ఇళ్లకు కరెంటు పని అతనే చేశాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. రాగానే గది నాలుగు మూలల నుంచి దారం లాగి కప్పుకు సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాడు. బల్ల అక్కడ లేదు, ఫ్రిజ్ కోసం తొమ్మిది అంగుళాలు పక్కకు జరిగింది.

“రూముకు నడిమిట్ల ఉంటెనే అందం సార్.”

“మేం రూము మీద తినం యాదగిరీ, బల్ల మీద తింటం.”

దారానికి గుండు కట్టి, బల్ల మధ్య గీతకు సరిగ్గా పైన కొత్త గుర్తులు పెట్టించాను. కప్పుకు పొడుగాటి ఇనుప పట్టీ ఒకటి బిగించి, దాని నుంచి మూడు లైట్లూ దింపాం. మూడింటికీ కలిపి ఒకటే స్విచ్చి. బల్ల నుంచి బుట్ట అంచుకు ముప్ఫై అంగుళాలు. తరవాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎదుటివాళ్ల ముఖం కనిపిస్తోందా, బల్బు కళ్లల్లో పడుతోందా అని అడిగాను.

“నా మొగం ఎవలకు కావాలె గని, నా పల్లెం నాకు కనవడుతున్నది, సాలు” అన్నది అక్క.

చివరిగా ఐదు కిలోల కందిపప్పు సంచి తెచ్చి ఒక్కో తీగకు గంటసేపు వేలాడదీశాను. ఏ ఒక్కటీ వెంట్రుకవాసి జారలేదు. యాదగిరి నడుము మీద చేయి పెట్టుకుని చూస్తూ, “ఏంది సార్, లైటుకు ఉయ్యాల గడ్తున్నరా?” అన్నాడు.

గృహప్రవేశం అయ్యాక ఆ బల్ల మీద మొదటి భోజనం, శుక్రవారం. సాయంత్రం ఐదింటి నుంచి మూడు లైట్లూ వెలుగుతున్నాయి. ఏడుంపావుకి స్వాతి కంచాలు పెట్టింది. నేను, అక్క, నరేశ్, స్వాతి కూర్చున్నాం. ఐదో కుర్చీ వెనక అనసూయ గంటెతో నిలబడింది. “కూసో” అన్నాను. “మొదటిరోజు, మీకు వడ్డించి కూసుంట” అన్నది.

నేను మొదటి ముద్ద కలిపేసరికి, వంటింటి వైపు ఉన్న మూడో దీపం ఆరిపోయింది. మినుకుమినుకుమనలేదు. చప్పుడు లేదు. మిగతా రెండూ వెలుగుతూనే ఉన్నాయి. నరేశ్ లేచి బల్బు తిప్పి చూశాడు, రాలేదు. అలాగే తిన్నాం. కంచాలు తీసి, నేను చేయి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ వెలుగుతోంది.

శనివారం ఉదయం యాదగిరి వచ్చి చూశాడు. మూడూ బాగా వెలిగాయి. శనివారం రాత్రి భోజనానికి కూర్చోగానే మూడోది ఆరింది. ఆదివారం మధ్యాహ్నమూ అంతే. రెండో బల్బు మూడో దానిలో, మూడోది రెండో దానిలో పెట్టాను. బల్బుకు ఏ లోపమూ లేదు, ఆ చోటే చీకటి. హోల్డరు మార్పించాను. తీగ మార్పించాను. తినని వేళల్లో ఎప్పుడు వేసినా వెలుగుతుంది. తినడానికి కూర్చుంటే ఆరిపోతుంది.

“లైటు మంచిగనే ఉన్నది సార్. మీకే కంపెనీ అలవాటు పోలే” అని వెళ్లిపోయాడు యాదగిరి.

సోమవారం రాత్రి. అనసూయ మాత్ర వేసుకుని ఇరవై నిమిషాలు దాటింది. వడ్డిస్తుంటే గంటె వణకడం స్వాతి చూసింది. నుదుట చెమట పట్టింది. స్వాతి లేచి, అత్త చేయి పట్టి ఐదో కుర్చీలో కూర్చోబెట్టి, కంచంలో ఇంత అన్నం, పప్పు పెట్టి తనూ వచ్చి కూర్చుంది. అనసూయ రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మూడో దీపం వెలిగింది.

“వచ్చింది!” అని నరేశ్ అరిచాడు, కరెంటు పోయి వచ్చినప్పుడు పిల్లలు అరిచినట్టు. అందరం నవ్వాం. ఎవరమూ ఇంకేమీ అనుకోలేదు.

మంగళవారం ఆమె మళ్లీ నిలబడింది. దీపం ఆరింది. “జెర కూసోండ్రి అత్తమ్మా, లైటొస్తదేమో” అని స్వాతి వేళాకోళం చేసింది. అనసూయ నవ్వుతూ కూర్చుని నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. వెలిగింది. అందరం బుట్ట వైపే చూస్తూ కాసేపు తినడం మరిచిపోయాం.

ఆ మర్నాటి నుంచి పరీక్షలు మొదలుపెట్టాను. పరీక్షలన్నీ అందరం తింటున్నప్పుడే. ఐదో కుర్చీ కాలు నేలలో ఏదైనా తీగను నొక్కుతోందేమోనని, అనసూయ నిలబడి ఉండగా ఆ కుర్చీలో అక్కను కూర్చోబెట్టాను. చీకటే. పాతిక కిలోల బియ్యం సంచి కూర్చోబెట్టాను. చీకటే. అనసూయను కంచం లేకుండా కూర్చోమన్నాను. చీకటే. ఖాళీ కంచంతో కూర్చోమన్నాను. చీకటే. కంచంలో అన్నం పెట్టుకుని తిన్నది. వెలిగింది. ఒకే పూట మూడుసార్లు లేపి కూర్చోబెట్టేసరికి ఆమెకు చిర్రెత్తింది.

“నన్నేమన్న వాల్వు అనుకున్నరా ఏంది? ఒక్కసారి కూసుంటే తిని లేస్త గని మల్ల లేవ!”

నిజంగానే ఆ పూట లేవలేదు. పూర్తిగా తిన్నది.

ఇంట్లోవాళ్ల మాట ఒక్కటే చాలదని, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి యాదగిరిని పిలిచాను. “మీరు తినేటప్పుడే ఆరుతదని చెప్తున్నరు గదా, తినుకుంటనే చూస్త” అని వచ్చాడు. మేం కుర్చీల్లో, అతను స్టూలు మీద కూర్చున్నాం. అనసూయ నిలబడింది. అతని కళ్ల ముందే ఆరింది. ఎడమ చేత్తో టెస్టర్ తీసి, అదే స్టూలు ఎక్కి చూశాడు. హోల్డరు దాకా కరెంటు వస్తోంది. బల్బు తీసి రెండో దానిలో పెడితే వెలిగింది. తిరిగి మూడోదానిలో పెడితే వెలగలేదు. కరెంటు ఉంది, బల్బు ఉంది, వెలుగు లేదు. దిగి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను సైగ చేస్తే అనసూయ కూడా కూర్చుని అన్నం కలిపింది. వెలిగింది.

యాదగిరి పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, “కరెంటు పని నాకు తెలుసు సార్. ఇది కరెంటు పని కాదు. మల్ల బాగు చేయమని మాత్రం నన్ను పిలువకుండ్రి, భోజనానికైతే పిలువుండ్రి” అన్నాడు.

అక్కకు సందేహమే లేదు. “అమ్మనే. జీవితమంత అందరు తిన్నంక గిన్నె అడుగు గీక్కొని తిన్నది. ఇప్పుడొచ్చి అడుగుతున్నది” అన్నది. నేను ఒప్పుకోలేదు. మా అమ్మకు బతికినన్నాళ్లూ స్విచ్చి అంటే భయం. చీపురు పుల్లతో నొక్కేది. ఆవిడ కరెంటు జోలికి రాదు.

పాత ఇళ్లల్లో ఎప్పుడైనా ఇలాంటి లోపం వచ్చిందేమో చూద్దామని డైరీలు కిందికి దింపాను. కరెంటు పోయిన రోజులు, ఫ్యూజు కాలిన రోజులు అన్నీ ఉన్నాయి. ఇలాంటిది లేదు. తిప్పుతుంటే వేరే సంగతి కనిపించింది. ప్రతి రోజూ నేను ఏం తిన్నానో రాసుకున్నాను. ‘ఒంటిగంట. అనపకాయ కూర, చారు. ఉప్పు తక్కువ.’ ‘ఎనిమిది. జొన్నరొట్టె, చామగడ్డ. బాగుంది.’ అనసూయ ఏ పూట ఎప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో, ఒక్క డైరీలోనూ ఒక్క ముక్క లేదు. రెండు రోజులు వెతికాను. పెళ్లయిన మూడో రోజున ఒకచోట ‘ఇద్దరం తిన్నాం’ అని ఉంది. అంతే.

నరేశ్ ఆ లైటుకు వేరే లైను లాగిద్దామన్నాడు. అనసూయ కూడా అదే అన్నది, చుట్టాలొస్తే ఏమనుకుంటారని. నేను సరే సరే అంటూ వాయిదా వేశాను. ఆ దీపం బాగుపడితే ఈమె మళ్లీ లేచి నిలబడుతుందని నా భయం. వాయిదా వేస్తున్నానని ఆమెకూ తెలుసనుకుంటాను. గట్టిగా అడగలేదు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. మాత్ర వేసుకోగానే ఆమె వచ్చి కూర్చుంటోంది. చెమటలు, వణుకు మళ్లీ రాలేదు. డాక్టరు నన్ను తిట్టడానికి కారణం దొరకక మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. ఇంకో సంగతి, భోజనాల దగ్గర అనసూయ ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. కూరగాయల బండివాడు బేరం ఆడే తీరు ఆమె చేసి చూపిస్తుంటే అక్కకు పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ కబుర్లన్నీ వంటింట్లో పీట మీద ఒక్కతే ఏం చేసుకుందో!

ఒక బుధవారం రాత్రి, అనసూయ కూర్చుని తింటూ ఉండగానే మూడో దీపం ఆరిపోయింది.

కంచంలో అన్నం ఉంది. తింటోంది. అదే కుర్చీ. నా లెక్కలో ఇది జరగకూడదు. గురువారమూ అంతే. శుక్రవారమూ అంతే. ఇక దీపం మామూలుగా పాడైపోయిందనుకున్నాను. దీపానికీ ఆమె తినడానికీ సంబంధం లేదని తేలితే, ఆమె నవ్వేసి గంటె అందుకుంటుంది.

శుక్రవారం రాత్రి నేను బుట్ట వైపు చూస్తుంటే, అనసూయ మాత్రం వంటగట్టు వైపు చూస్తోంది.

“స్వాతీ, ఆ గంటె ఇట్లియ్యి. వచ్చి కూసో” అన్నది.

అప్పుడు చూశాను. తింటున్న అత్తను మాటిమాటికీ వెనక్కి తిరగనివ్వడం ఎందుకని మూడు రోజులుగా స్వాతి నిలబడి వడ్డిస్తోంది. పొద్దున్నే సంగారెడ్డి బస్సెక్కి పోయి, ఐదు క్లాసులు నిలబడి పాఠం చెప్పి వచ్చిన పిల్ల. ఎవరూ చెప్పలేదు. తనే లేచింది. ఎవరూ వద్దనలేదు. నా కంచంలోకి రెండోసారి పప్పు ఆమే వేసింది, నేను తిన్నాను కూడా.

“పర్లేదు అత్తమ్మా, మీరు తినుండ్రి, నేను తర్వాత తింట” అన్నది స్వాతి.

అనసూయ కలిపిన ముద్ద కంచంలో పెట్టేసింది.

“ఆ మాట నాది. నీకెవలిచ్చిండ్రు?”

తరవాత కొడుకు వైపు తిరిగింది. “నరేశా, సూస్తవేంది? గిన్నెలన్ని తెచ్చి బల్ల నడుమ వెట్టు. ఎవలకు ఏది కావాల్నో వాళ్లే ఏస్కోవాలె. ఒదినె, జెర నీ చెంబు జరుపు, పప్పుగిన్నెకు జాగ కావాలె.”

నరేశ్ గిన్నెలు తెచ్చాడు. అక్క ఏదో అనబోయి, చెంబు జరిపింది. బల్ల నిండిపోయింది. స్వాతి వచ్చి కూర్చుని కూర వేసుకుంది. మొదటి ముద్ద తిన్నది. మూడో దీపం వెలిగింది. దాని వెలుతురులో పప్పు మీది పోపు మెరిసింది.

“అమ్మ మనవని పెండ్లాన్ని సుత ఒదుల్తలేదు” అన్నది అక్క, తృప్తిగా.

అప్పటికి సంగతి కొంత తెలిసింది. కానీ తెలియడం వేరు, కారణం వేరు. దీపం వెలిగే క్షణంలో ఆ హోల్డరు దగ్గర ఏం మారుతోంది? యాదగిరి చూసింది ఆరి ఉన్నప్పుడే. వెలిగేటప్పుడు చూడాలి. మంచి మల్టీమీటరు ఒకటి కొన్నాను. మర్నాడు అందరూ తింటుండగా, నా కంచం పక్కకు జరిపి, స్టూలు ఎక్కి, మీటరు ముళ్లు రెండూ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. దీపం ఆరి ఉంది. ఐదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు. నలుగురూ కూర్చుని తింటున్నారు, గిన్నెలన్నీ బల్ల మీదే ఉన్నాయి, అయినా వెలగదు.

“స్వాతీ, తింటున్నవా? అక్కా, నువ్వు?” అని పైనుంచి అడిగాను.

“అందరం తింటున్నం మామయ్యా” అన్నది స్వాతి. గొంతులో నవ్వు దాచుకుంటోంది.

అనసూయ తల ఎత్తి నన్ను చూసింది. “అందరం కూసున్నం. నిలవడ్డది ఎవలో జెర కిందికి సూస్కోండ్రి.”

కిందికి చూశాను. నా కుర్చీ ఖాళీగా ఉంది. నా అన్నం కంచంలోనే ఉంది.

ఆ తరవాత చాలా ఉపాయాలు ఆలోచించాను. దాన్ని కొలవాలంటే ఎవరో ఒకరు తినకుండా నిలబడాలి. ఎవరు నిలబడ్డా అది వెలగదు. కూర్చుని తింటూ కొలుద్దామంటే చేయి అందదు. ఇంతకంటే మొండి పరికరాన్ని నేను కంపెనీలో చూడలేదు. ఎందుకు అలా జరుగుతోందో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనిపించడం లేదు. చదివినవాళ్లకు ఎవరికైనా తోస్తే చెప్పండి, కాదనను.

ఆ రోజు మాత్రం స్టూలు మీద ఇంకొక్క నిమిషం నిలబడ్డాను.

“మీటరు ఆడవెట్టి రాండ్రి. అన్నం సల్లారుతున్నది” అన్నది అనసూయ.

దిగాను. కూర్చున్నాను. ముద్ద కలిపాను.